రక్తం తీసుకున్నాం, జవాబు చెప్పలేదు

విశాఖపట్నం నుంచి ఒక పరిశోధకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, సంస్థలు బయటపెట్టవద్దన్నారు. ఎవరూ పోల్చుకునే వీలు లేకుండా ఒకటి రెండు వివరాలు నేనూ మార్చాను.

ఆమెకు 33 ఏళ్ళు. గాజువాకలో పెరిగారు. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. విశాఖలోనే హ్యూమన్ జెనెటిక్స్ ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీకి వేరే నగరం వెళ్ళారు. ఉత్తరాంధ్ర మైదానంలోని కొన్ని కులాలు, ఏజెన్సీలోని కొన్ని తెగల పూర్వికులు ఎవరు, ఏ కాలంలో ఒకరితో ఒకరు కలిశారు, ఎప్పటినుంచి కలవడం మానేశారు అన్నది డీఎన్‌ఏ చూసి లెక్కగట్టడం ఆమె పని. పట్టా చేతికొచ్చి రెండేళ్ళయింది. భర్త విశాఖలో బ్యాంకు ఉద్యోగి. నాలుగేళ్ళ పాప. ఎంవీపీ కాలనీలో అత్తమామలతో కలిసి కాపురం.

ఇప్పుడు మూడు అవకాశాలు ఒకేసారి వచ్చాయి. యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయం రెండేళ్ళ పోస్ట్‌డాక్‌కు, అంటే పీహెచ్‌డీ తరువాత చేసే పరిశోధన ఉద్యోగానికి, పిలిచింది. ఎత్తు, మధుమేహం, గుండెజబ్బు లాంటి సంక్లిష్ట లక్షణాలను జన్యువులను బట్టి ఎంతవరకు అంచనా వేయవచ్చో చూసే బృందం అది. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. హైదరాబాద్‌లో జన్యు పరీక్షలు చేసే ఒక కంపెనీ డేటా విశ్లేషకురాలిగా రమ్మంది, జీతం బాగుంది. విశాఖలోనే, ఏజెన్సీలో సికిల్ సెల్ వ్యాధి మీద నడిచే ప్రాజెక్టులో ఏడాది కాంట్రాక్టు ఉంది. జీతం తక్కువ, పొడిగిస్తారో లేదో తెలియదు. "విదేశం వెళ్ళకపోతే నీ కెరీర్ ఇక్కడితో సరి" అంటున్నారు గైడ్. "పసిదాన్ని వదిలి వెళతావా?" అంటున్నారు తల్లి. భర్త మాత్రం "నీ ఇష్టం" అని ఊరుకుంటున్నారట. అన్నిటికన్నా ఆ "నీ ఇష్టం" అన్నదే బరువుగా ఉందని రాశారు.

ఇవి చాలవన్నట్టు మామగారి పట్టుదల ఒకటి. ఆయన కుల సంఘానికి కార్యదర్శి. వచ్చే కార్తీక వనభోజనాల్లో కోడలు వేదికెక్కి, "మన కులం పుట్టుక ఎక్కడ, జన్యువులు ఏం చెబుతున్నాయి" అన్నది అందరికీ వివరించాలట. ఆహ్వానపత్రంలో పేరు కూడా వేయిస్తానంటున్నారు. ఆమె అధ్యయనంలో సొంత కులం నమూనాలూ ఉన్నాయి. పక్క కులాల్లో కనిపించిన కలగలుపే వాటిలోనూ కనిపించింది. ఆ సంగతి మామగారితో ఎలా అనాలో తెలియక రోజులు దాటవేస్తున్నారు.

ఉత్తరం చివరి పేజీలో సంగతి వేరు. పాడేరు అవతల ఒక ఊళ్ళో రక్తం సేకరిస్తున్నప్పుడు ఒక ముసలావిడ చేయి చాపి కూర్చుని అడిగిందట: "ఇందులో ఏం చూస్తారమ్మా? మా మనవడు కీళ్ళ నొప్పులతో రాత్రుళ్ళు ఏడుస్తాడు. అది కూడా తెలుస్తుందా?" బృందంలో ఎవరో "రిపోర్టు పంపిస్తాంలే" అన్నారు. ఆవిడ సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేసింది. రిపోర్టు ఏదీ వెళ్ళలేదు. "నా థీసిస్‌లో ఆవిడ ఒక నంబరు. ఆ నంబరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ రంగంలో ఉండాలా, మానేయాలా? మానేస్తే ఇన్నేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే కదా?" అని ముగించారు.

అమ్మా,

ఉండాలా మానాలా అని అడిగారు గానీ, పని మీద మనసు విరిగిన లక్షణం మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు. విరిగినవాళ్ళు తమ నమూనాల గురించి ఇంత వివరంగా రాయరు. మిమ్మల్ని నలుపుతున్నవి వేరే మూడున్నాయి. రక్తమిచ్చిన వాళ్ళకు పడ్డ బాకీ, మీ శాస్త్రం నుంచి ఇంట్లోవాళ్ళు ఆశిస్తున్న జవాబు, ఎక్కడ ఉండి పనిచేయాలన్న లెక్క. మూడూ ఒకే నెలలో మీద పడేసరికి రంగమే మీకు సరిపడలేదేమో అనిపిస్తోంది. వీటిని విడివిడిగా చూద్దాం. మీరు చివర రాసినదే ముందు తీసుకుంటాను. మిగతా రెండిటికీ మీరు చెప్పుకునే జవాబు దాన్నిబట్టి కొంత మారుతుంది.

ఆ ముసలావిడ ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి మీ అధ్యయనానికి లేదు. డీఎన్‌ఏలో లక్షల చోట్ల అక్షరాలు చదివి జనసమూహాల ఉమ్మడి చరిత్ర చెప్పడం దాని పని. ఒక పిల్లవాడి కీళ్ళు ఎందుకు నొప్పి పుడుతున్నాయో అది చెప్పదు. అయితే ఆ ప్రశ్నకు తగిన పరీక్ష వేరే ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు. సికిల్ సెల్ అంటే హీమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడం. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, ఎముకల్లో, కీళ్ళలో నొప్పి పుట్టిస్తాయి. మన దేశంలో దాన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. మీ ఏజెన్సీలోనూ అది ఉందని మీకు చెప్పనక్కర్లేదు, మూడో అవకాశంగా వచ్చిన ప్రాజెక్టే దాని మీద కదా. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు వారిని 7 కోట్ల మందిని పరీక్షించడం దాని లక్ష్యం. కాబట్టి ఆ పిల్లవాడి పరీక్షకు మీరు గ్రాంటు తేవలసిన పని లేదు. ఆ ఊరి ఆశా కార్యకర్తకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికో ఒక్క ఫోను చేస్తే కదలవలసిన పని అది. నొప్పి సికిల్ సెల్ వల్లనే అని నేను అనను, మీరూ అనకండి. కీళ్ళ నొప్పికి కారణాలు చాలా ఉంటాయి. కానీ ఆ కొండల్లో, పిల్లల్లో, అలాంటి నొప్పి వింటే ముందుగా అవునో కాదో తేల్చుకోవలసింది దీన్నే.

ఒక హెచ్చరిక. నంబరు గుర్తుంది కాబట్టి కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిచి సికిల్ మార్పు ఉందేమో చూడాలని చేయి లాగవచ్చు. చూడకండి. ఆవిడ వేలిముద్ర వేసింది దానికి కాదు. పరిశోధన కోసం తీసిన డేటాను రోగనిర్ధారణకు వాడకూడదు. పైగా ఆ రక్తం నానమ్మదో అమ్మమ్మదో, పిల్లవాడిది కాదు.

ఫోను చేయడం చాలా చిన్న పని. ఊరికి తిరిగి వెళ్ళడం దానికన్నా పెద్దది. వెళ్ళాలనుకుంటే గైడ్‌కు, పరిశోధనల్లో మంచిచెడ్డలు చూసే మీ సంస్థ ఎథిక్స్ కమిటీకి చెప్పి వెళ్ళండి. నమూనాలు మీవి కావు, సంస్థ సంరక్షణలో ఉన్నవి. ఒక్క పేజీలో, పటాలు లేకుండా, ఊరికంతటికీ వర్తించే నాలుగు మాటలు రాసుకోండి: ఏం చూశాం, ఏం తెలిసింది, ఏం తెలియలేదు, మీ రక్తం ఇప్పుడెక్కడుంది. ఎవరి ఫలితం వాళ్ళకు విడిగా చెప్పకండి. సమ్మతి పత్రం తెలుగులో ఉందని రాశారు. ఆవిడ ఇంట్లో తెలుగు మాట్లాడుతుందా? కాకపోతే ఈసారి వాళ్ళ భాష వచ్చిన మనిషిని వెంట తీసుకువెళ్ళండి.

దీనివల్ల ఇబ్బందులు రావా అంటే వస్తాయి. "ఇప్పుడు ఇవన్నీ ఎందుకు కదుపుతావు?" అని గైడ్ విసుక్కోవచ్చు. ఊళ్ళో ఒకరిద్దరు నిలదీయవచ్చు. రక్తం వెనక్కి ఇచ్చేయమన్నా అనవచ్చు, ఆ హక్కు వాళ్ళకుంది. వెళ్ళకపోతే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. మీ డిగ్రీ మీకుంటుంది. మన విశ్వవిద్యాలయాల్లో పేపర్లకు లెక్క ఉంది గానీ, రక్తమిచ్చిన ఊరికి తిరిగి వెళ్ళినందుకు ఒక్క పాయింటు కూడా లేదు. అందుకే ఇది మీ ఒక్కరి లోపం అని నేను అనుకోను. అమెరికాలో హవాసుపాయ్ తెగవాళ్ళు మధుమేహం పరిశోధన అనుకుని ఇచ్చిన రక్తాన్ని, తెగ వలసల చరిత్రతో సహా ఇతర పనులకు వాడారు. అది కోర్టుకెక్కి, 2010లో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయాల పాలకమండలి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నమూనాలు తిరిగి అప్పగించి రాజీ పడింది. మన దగ్గర అంత దూరం రాకపోవచ్చు. అడిగేవాళ్ళు లేకపోవడమే దానికి కారణం.

విశాఖ వాళ్ళకు ఈ సంగతి మరీ దగ్గరిది. 2001లో జీనోమ్ రీసెర్చ్ పత్రికలో భారతీయ కులాల మూలాల మీద ఒక పేరున్న పరిశోధన వచ్చింది. ఎనిమిది కులాలకు చెందిన 265 మంది మగవాళ్ళ నమూనాలు అందులో ఉన్నాయి. వాళ్ళంతా విశాఖపట్నం జిల్లా వాళ్ళే. పై కులాలుగా చెప్పుకునేవారు యూరప్ వారికి దగ్గర, కింది కులాలుగా చెప్పేవారు ఆసియా వారికి దగ్గర అని అందులో రాశారు. అది ఎవరి వాదనకు వాళ్ళకు అక్కరకొచ్చింది. ఆ 265 మందిలో తమ గురించి ఏం రాశారో తెలిసినవాళ్ళు ఎందరుంటారు?

ఇక మామగారి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో ఆయన మీద కోపం ఉంది గానీ, నాకు ఆయన దుర్మార్గుడిగా తోచలేదు. కోడలు పెద్ద చదువు చదివింది, నలుగురిలో మాట్లాడిస్తే తనకు గౌరవం. సంఘంలో ఆయన వయసువాళ్ళు కోడళ్ళను వంటపందిరి దగ్గరికి పంపుతుంటే ఈయన మైకు దగ్గరికి పంపాలనుకుంటున్నారు. మెచ్చుకోవలసిందే. చిక్కంతా ఆయన అడుగుతున్న ప్రశ్నతోనే.

ఆ ప్రశ్నకు మీ శాస్త్రం ఏం చెబుతుందో మీకు తెలుసు. పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం 25 సమూహాలను చూసింది. దాదాపు అందరిలోనూ రెండు ప్రాచీన జనాల కలయిక ఉందని, సమూహాన్నిబట్టి పాళ్ళు మాత్రమే మారతాయని తేల్చింది. 2013లో అదే బృందం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందట జరిగిందని లెక్కగట్టింది. ఆ తరువాత పెళ్ళిళ్ళు కులం గోడల మధ్యకు చేరాయి. 2019లో వందలాది ప్రాచీన అస్థికల డీఎన్‌ఏ చదివాక ఆ రెండు జనాలూ మళ్ళీ కలగలుపులేనని బయటపడింది. వాటిలో కలిసినవి మూడు జనాలు: ఇక్కడి ప్రాచీన వేటగాళ్ళు, ఇరాన్ వైపు జనాలతో సంబంధమున్నవాళ్ళు, మధ్యాసియా గడ్డిభూముల నుంచి వచ్చిన పశుపాలకులు. ఇందులో ఏ ఒక్క కులానికీ విడిగా పుట్టినచోటు అంటూ ఏదీ దొరకదు. వనభోజనాల్లో ఆహ్వానితులు ఎదురుచూసేది మాత్రం దానికోసమే.

మీ ముందు మూడు పద్ధతులున్నాయి. ఒకటి, "నా పరిశోధనలో ఉన్నవాళ్ళ ఫలితాలు సభలో చెప్పడానికి నిబంధనలు ఒప్పవు" అని తప్పుకోవడం. ఇది పూర్తిగా అబద్ధం కాదు, ఇంట్లో గొడవా తక్కువ. కాకపోతే వచ్చే కార్తీకంలో మళ్ళీ అదే అడుగుతారు. రెండు, ఉన్నదున్నట్టు చెప్పడం. "మనమూ అందరిలాగే కలిసినవాళ్ళమే" అని మైకులో అంటే కొందరు చప్పట్లు కొడతారు, కొందరు ముఖం మాడ్చుకుంటారు. మామగారికి ఆ సాయంత్రం తలవంపులుగా అనిపించవచ్చు. ఆ తరువాత ఆ ఇంట్లో ఉండవలసింది మీరు, సభికులు కాదు. మూడు, ప్రశ్నను మార్చి చెప్పడం. నాకు ఇది పనికొచ్చేదిగా తోస్తోంది గానీ, మీకు ఆ సభలో నిలబడాలని అసలు లేకపోతే బలవంతాన వద్దు.

మార్చి చెప్పడం అంటే, కులం గోడల మధ్య జరిగిన పెళ్ళిళ్ళు ఆరోగ్యానికి ఏం చేశాయన్నది చెప్పడం. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలో 263 సమూహాలను చూసింది. వాటిలో 81 సమూహాల మూలపురుషుల సంఖ్య చాలా చిన్నదని, ఆ ప్రభావం, దానికి పేరుపడ్డ ఫిన్లండ్ వారిలో, అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్) యూదుల్లో కన్నా బలంగా ఉందని తేల్చింది. పది లక్షలకు మించిన జనాభా ఉన్న సమూహాలు కూడా వాటిలో ఉన్నాయి. జనం ఎందరున్నా పూర్వికులు కొద్దిమందే కావడంతో, వాళ్ళలో ఒకరికి ఉన్న అరుదైన మార్పు ఇవాళ వేలమందిలో తేలుతుంది. మన దగ్గర అందరూ చెప్పే ఉదాహరణ వైశ్యులది. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరిచేసే ఎంజైము వాళ్ళలో కొందరికి తక్కువ. మామూలు మోతాదుకే శ్వాస కండరాలు చాలాసేపు కదలవు. ఇది తెలిసిన మత్తు వైద్యులు ముందే అడిగి జాగ్రత్తపడతారు. కులం వివరం ప్రాణం కాపాడే చోటు ఇదొక్కటి అయినా ఉంది.

ఇక మేనరికాలు. దగ్గరి బంధువులు పెళ్ళాడితే ఒకే అరుదైన మార్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. కోస్తా ఆంధ్రలో మేనమామ, మేనకోడలు పెళ్ళిళ్ళను 1960ల నాటికే శాస్త్రీయంగా లెక్కించిన వాళ్ళలో పిఠాపురం నుంచి వెళ్ళి ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర పనిచేసిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఉన్నారు. మీ సభలో పెళ్ళీడు పిల్లలున్న తల్లిదండ్రులు సగం మంది ఉంటారు. "మన పుట్టుక గొప్పది" అన్న మాట వాళ్ళకు భోజనాల దాకా గుర్తుంటుంది. "మేనరికం చేసుకునేముందు జన్యు పరీక్షలు చేయించండి, ఇంట్లో పిల్లలు చిన్నప్పుడే పోయిన చరిత్ర ఉంటే వైద్యుడికి చెప్పండి" అన్నది ఇంటికి పట్టుకెళతారు.

ఏం చెప్పినా, ఎవరిలో ఏ పూర్వికుల పాలు ఎంతో చూపే ఆ రంగురంగుల నిలువు గీతల పటం మాత్రం చూపించకండి. దాన్ని గీసే అడ్మిక్స్చర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాముకు ఎన్ని రంగులు కావాలో చెప్పేది పరిశోధకులే. మూడంటే మూడు, ఐదంటే ఐదు గీస్తుంది. మీకది లెక్క, సభలో కూర్చున్నవాళ్ళకు అది వంశవృక్షం. ఆకుపచ్చ మనది, ఎరుపు వాళ్ళది అన్న మాట ఆ సాయంత్రమే పుడుతుంది, మరునాటికి ఫోన్లలో తిరుగుతుంది, దాని కింద మీ పేరు ఉంటుంది.

ఈ సంగతి మామగారితో ఎవరు మాట్లాడాలి? మీ ఆయన. తండ్రికి కోడలు ఎదురుచెప్పిందన్న పేరు మీకెందుకు? కొడుకు వెళ్ళి, "నాన్నా, దాని ఉద్యోగం నిబంధనలు ఇవి, చెప్పగలిగింది ఇది" అంటే పది నిమిషాల్లో తేలుతుంది. ఆహ్వానపత్రం అచ్చుకు వెళ్ళకముందే అనాలి. "నీ ఇష్టం" అనే మనిషికి చేయవలసిన పని ఒకటి ఇలా అప్పజెప్పండి.

బూడిదలో పన్నీరు సంగతి. మీరు నేర్చింది కుల గర్వానికి మేత అవుతోందని, దాన్ని వదిలి సంక్లిష్ట లక్షణాల వైపు వెళితే చేతులు శుభ్రంగా ఉంటాయని మీ ఉత్తరంలో ఒకచోట ధ్వనించింది. అక్కడ కూడా చేతికి అంటుకునే మురికి ఉంది. అది జాతకం రూపంలో వస్తుంది.

ఎత్తునే తీసుకోండి. 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏ చూసి, ఎత్తుతో సంబంధమున్న 12,111 మార్పులను గుర్తించారు. వాటన్నిటినీ కలిపి ఒక స్కోరుగా లెక్కవేస్తే యూరప్ మూలాల వారిలో ఎత్తు తేడాల్లో 40 శాతం వివరించగలిగారు. మిగతా జనాల్లో ఆ స్కోరు 10 నుంచి 20 శాతానికి పడిపోయింది. కారణం తెలిసిందే, ఇలాంటి అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు యూరప్ మూలాలవారు. ఐదు లక్షల మంది ఆరోగ్య, జన్యు వివరాలు దాచిన బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంకులో దక్షిణాసియా మూలాలవారు రెండు శాతం చుట్టూ ఉంటారు. అయినా ఆ స్కోర్లను తెచ్చి ఇక్కడి పిల్లలకు భవిష్యత్తు చెప్పేవాళ్ళు పుట్టుకొస్తున్నారు.

ఇంకా లోతైన చిక్కు ఉంది, అదే మీ చదువుకు విలువ తెస్తోంది. ఉత్తర యూరప్ వాళ్ళు దక్షిణ యూరప్ వాళ్ళకన్నా పొడుగు కావడానికి ప్రకృతి వరణం కారణమని, దాని జాడ జన్యువుల్లో కనిపిస్తోందని చాలా పేపర్లు వచ్చాయి. 2019లో ఈలైఫ్ పత్రికలో రెండు బృందాలు ఒకేసారి దాన్ని తిరగదోడాయి. పాత డేటాలో జనసమూహాల తేడా పూర్తిగా సరిదిద్దకపోవడంతో ఆ జాడ చాలావరకు అలా కనబడిందని, యూకే బయోబ్యాంకు డేటాతో చూస్తే అది దాదాపు మాయమైపోతోందని తేల్చాయి. మన దగ్గరికి తెచ్చి ఆలోచించండి. భీమిలి నుంచి వెయ్యిమంది, పాడేరు నుంచి వెయ్యిమంది రక్తం తీసి ఎత్తుతో పోల్చారనుకోండి. ఆ రెండు జనాల మధ్య తేడాగా ఉన్న ప్రతి డీఎన్‌ఏ మార్పూ ఎత్తు జన్యువులాగే కనిపిస్తుంది. అసలు తేడా చిన్నప్పటి తిండిలో, మలేరియాలో, ఆసుపత్రి దూరంలో ఉండవచ్చు. ఎవరు ఎవరితో కలిశారో, ఎప్పుడు వేరుపడ్డారో లెక్క తెలిసినవాళ్ళు లేకుండా భారతదేశంలో ఏ సంక్లిష్ట లక్షణం మీదా నమ్మదగిన పని జరగదు. కోస్తా, ఏజెన్సీ రెండూ తిరిగిన మనిషికి ఆ లెక్క చేతిలో ఉంది. సవర లాంటి ముండా భాషలు మాట్లాడే తెగల మగవారి వంశరేఖల్లో ఆగ్నేయాసియా జాడ ఎందుకుందో తెలియనివాళ్ళు ఆ కొండల్లో మధుమేహం జన్యువులు వెతికితే ఏం దొరుకుతుందో మీరే ఊహించగలరు.

ఇప్పుడు మూడు ఉద్యోగాలు. హైదరాబాద్ కంపెనీ గురించి నాకు ఒకే ప్రశ్న ఉంది: మిమ్మల్ని ఏ పని మీద పెడతారు? జన్యు పరీక్షల కంపెనీల్లో రెండు రకాల పనులు జరుగుతాయి. అరుదైన జబ్బుతో పుట్టిన పిల్లల డీఎన్‌ఏలో కారణం వెతకడం ఒకటి. దానికి మీలాంటి వాళ్ళు అవసరం, భారతీయ సమూహాల్లో ఏ మార్పు మామూలో ఏది అరుదో తెలిస్తేనే అది సరిగా సాగుతుంది. రెండోది పిల్లల "ప్రతిభ" చెప్పే పరీక్షలు. ఏసీటీఎన్3 అనే ఒక్క జన్యువు చూసి మీవాడు పరుగుపందేనికి పనికొస్తాడని చెప్పేవి. చదువు మీద 30 లక్షల మందితో 2022లో వచ్చిన అతిపెద్ద అధ్యయనం స్కోరే చదివిన ఏళ్ళలో తేడాలను 12 నుంచి 16 శాతం మించి వివరించలేదు, అదీ యూరప్ మూలాల వారిలోనే. దాన్ని పట్టుకుని ఎల్‌కేజీ పిల్లకు ఇంజనీరింగు రాసిపెట్టడం చిలక జోస్యమే. ఆఫర్ లెటరులో విభాగం పేరు రాసి ఇమ్మనండి. రాయలేమంటే మీకు అర్థమైపోతుంది. ఈ దారిలో డబ్బు, నిలకడ ఉంటాయి. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం పొద్దున పాప దగ్గర ఉంటారు. పేపర్లు మాత్రం తగ్గుతాయి. రెండు మూడేళ్ళ తరువాత మళ్ళీ విశ్వవిద్యాలయాల వైపు రావాలంటే తలుపులు సన్నబడతాయి.

విశాఖ కాంట్రాక్టు మీ మనసుకు దగ్గరిది, అందుకే జాగ్రత్తగా చూడమంటున్నాను. ప్రాజెక్టు డబ్బు నెలల తరబడి ఆలస్యం కావడం మన దగ్గర కొత్త కాదు. నమూనాలు మోసుకురావడానికి మిమ్మల్ని వాడుకుని, పేపరులో పేరు నాలుగో చోట వేసే ప్రమాదమూ ఉంది. చేరేముందు మూడు సంగతులు తేల్చుకోండి: డేటా విశ్లేషణ మీ చేతిలో ఉంటుందా, పెద్ద జన్యు డేటా నడిపే సర్వర్ ఉందా, తరువాతి గ్రాంటు దరఖాస్తులో మీ పేరు ఉంటుందా. వీటికి అవునంటే ఇది చిన్న ఉద్యోగం కాదు. పదివేల మంది భారతీయుల జీనోమ్‌లు చదివిన జీనోమ్‌ఇండియా డేటాను 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు, అది ఫరీదాబాద్ డేటా సెంటరులో ఉంది. దరఖాస్తు చేసి, అనుమతి పొంది, విశాఖలో కూర్చుని పనిచేయవచ్చు. పదేళ్ళ కిందట మీ గైడ్ తరానికి ఈ వీలు లేదు. "విదేశం వెళ్ళకపోతే సరి" అన్నది ఆ రోజుల అనుభవంలోంచి వచ్చిన మాట.

అలాగని అది తప్పని కొట్టిపారేయను. అక్కడి బృందాల్లో గణాంక పద్ధతులు నేర్చుకున్నంత వేగంగా ఇక్కడ నేర్చుకోవడం కష్టం. తిరిగి రావడానికి దారులూ ఉన్నాయి. విదేశాల్లో పనిచేసే మనవాళ్ళను వెనక్కి తెచ్చే రామలింగస్వామి ఫెలోషిప్, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు. అర్హతలు, గడువులు ఇప్పుడే చదువుకుని పెట్టుకోండి, వెళ్ళాక కాదు. మీ పీహెచ్‌డీ డేటాను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళాలని మాత్రం అనుకోవద్దు. అది సంస్థ అధీనంలో ఉన్నది. విదేశీ బృందంతో పంచుకోవాలంటే ఎథిక్స్ కమిటీతోబాటు ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన సంఘం అనుమతి కూడా కావాలి. అక్కడి ప్రొఫెసర్ మిమ్మల్ని తీసుకోవడానికి ఆ డేటాయే కారణమైతే అది ఇప్పుడే బయటపడటం మంచిది.

పాప విషయంలో మీ అమ్మగారి మాట బాధించి ఉంటుంది. వదిలి వెళ్ళడం, వెళ్ళకపోవడం రెండే దారులని ఎవరన్నారు? పాపతో, భర్తతో కలిసి వెళ్ళవచ్చు. ముందు మీరొక్కరే వెళ్ళి ఇల్లు కుదిరాక వాళ్ళను పిలిపించుకోవచ్చు. చేరే తేదీ వెనక్కి జరపమని అడగవచ్చు. మూడు నుంచి ఆరు నెలలు ఆగడానికి చాలామంది ప్రొఫెసర్లు ఒప్పుకుంటారు, అడిగినవాళ్ళకు. ఆ నెలలు దొరికితే ఏజెన్సీ ఊరి పని అందులో పూర్తవుతుంది. కార్తీకమూ దాటుతుంది, కాకపోతే ఆ కారణం చూపించి మామగారి దగ్గర తప్పించుకోకండి. నన్ను మొగ్గు చెప్పమంటే ఈ వాయిదా వైపే చెబుతాను. ప్రొఫెసర్ వాయిదాకు ఒప్పుకోకపోయినా, జీతం ముగ్గురు బతకడానికి చాలకపోయినా విశాఖ కాంట్రాక్టు, జీనోమ్‌ఇండియా డేటా కలిపి చూసుకోవడం తక్కువ దారి ఏమీ కాదు. కంపెనీ రోగనిర్ధారణ విభాగం ఇస్తే, ఇంట్లో డబ్బు అవసరం గట్టిగా ఉంటే, దాన్ని ఎంచుకున్నా మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. ఇంటి జమాఖర్చు మీ ఉత్తరంలో లేదు. అది చూడకుండా ఏది మేలో చెప్పడం నాకు కుదరదు.

నెలాఖరు దగ్గరకొచ్చింది కాబట్టి ముందు ప్రొఫెసర్‌కు మెయిలు పంపండి. చేరే తేదీ జరపగలరా, కుటుంబంతో వస్తే వీసాకు విశ్వవిద్యాలయం ఏ పత్రాలిస్తుంది, డేటా వాళ్ళ సర్వర్ల మీదే ఉంటే కొన్ని వారాలు విశాఖ నుంచి పనిచేయనిస్తారా, రెండో ఏడాది జీతం ఇప్పటికే మంజూరైందా లేక గ్రాంటు రావాలా? చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. అదే రోజు మీ ఆయనను తన బ్యాంకులో జీతం లేని సెలవు ఎన్నాళ్ళు ఇస్తారో, ఎవరికి దరఖాస్తు పెట్టాలో కనుక్కుని రమ్మనండి.